గుడ్డి టిక్కు

ఆ ఆఫీసులో అందరికీ ఇంటి ముద్దుపేర్లే. చేరిన రోజునే ఒక కాగితం ఇచ్చి, ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారో రాయమంటారు. అదే పేరు కార్డు మీద అచ్చయి మెడలోకి వస్తుంది. మనమంతా ఒక ఇంటివాళ్ళం, ఇక్కడ సార్లూ మేడమ్‌లూ ఉండరని కంపెనీ మాట. పన్నెండు మంది ఉన్నప్పుడు అది బాగానే నడిచిందట. ఇప్పుడు మూడు వందల పైచిలుకు. అక్కడొక మేనేజరమ్మ ఉంది, నలభై అయిదేళ్ళది. ఆవిడ నడిచొస్తుంటే కీబోర్డులు వాటంతటవే టకటకలాడతాయి. ఆవిడ కార్డు మీద 'బుజ్జి' అని ఉంటుంది. ఆవిణ్ణి ఉత్త బుజ్జీ అని పిలిచే గుండె ఎవరికుంది? అందుకని అందరూ బుజ్జి మేడమ్ అంటారు. కంపెనీ పెట్టినాయన కార్డు మీద 'పెద్దోడు'. ఆయన పెద్దోడు సర్ అయ్యాడు.

ఈ కథలో అమ్మాయి 'పిచ్చుక' అని రాసిచ్చింది. రాసిచ్చాక నాలిక కరుచుకుంది గానీ అప్పటికే కార్డు అచ్చయిపోయింది. అది అక్క పెట్టిన పేరు. నోరు తెరిచి మాట్లాడకపోతే పోయె, కనీసం కిచకిచలాడవే అని దెప్పుతూ పెట్టింది. పిచ్చుక పదకొండు చోట్ల ఇంటర్వ్యూలకి వెళ్ళింది. అడిగినదానికి జవాబు తెలుసు. ఆ జవాబు గొంతుదాకా వచ్చి అక్కడే చతికిలబడేది. ఈ కంపెనీ ఒక్కటే మాటలు అడక్కుండా రాతపరీక్ష పెట్టింది. అందులో అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెకే. ఆరు నెలలు పని చూసి పర్మనెంటు చేస్తామన్నారు. ఆ ఆరు నెలలూ వచ్చే మంగళవారంతో నిండుతాయి. మళ్ళీ పన్నెండో చోట కూర్చుని గొంతుతో కుస్తీ పట్టాల్సిన పని లేకుండా పోతుందని, ఆమె రోజూ పడుకునేముందు వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకునేది.

కంపెనీ చేసేది స్కూలు బస్సుల యాప్. బస్సు ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకి ఫోన్లో కనిపిస్తుంది. స్టాపు దగ్గర పడగానే ఫోన్లో గంట మోగుతుంది. అమ్మో తాతో ఎవరో ఒకరు చెప్పులేసుకుని కిందికి దిగుతారు. నిరుడు నలభై స్కూళ్ళు వాడేవి, ఇప్పుడు ఆరు వందలు దాటాయి. ప్రతి బుధవారం యాప్‌లో చేసిన కొత్త మార్పులు జనంలోకి వెళ్తాయి. వెళ్ళేముందు పిచ్చుకలాంటి టెస్టర్లు ఒక జాబితా ముందేసుకుని, ఒక్కో పాయింటూ ఫోన్లో నొక్కి చూసి, సరిగ్గా పనిచేస్తే దాని పక్కన టిక్కు పెట్టాలి. టెస్టర్లకి తలా ఒక భాగం. పిచ్చుకది గంటల భాగం. ఆమె జాబితాలో నూట నలభై పాయింట్లు. ఇచ్చే సమయం మూడు గంటలు.

చేరిన మూడో వారంలో ఆమె ఏడుపు మొహం చూసి పక్క సీటు గుండు అసలు గుట్టు విప్పాడు. గుండుకి తలనిండా జుట్టే. పేరు మాత్రం చిన్నప్పటిది.

"ఇప్పటికి ఎన్ని చూశావు?" అన్నాడు.

"ముప్పై రెండు."

"నిజంగానే చూస్తున్నావా?"

"మరి?"

"పిచ్చి తల్లీ, ఇలా చూస్తే మిగతావి నీ మనవలొచ్చి చూడాలి. పోయిన వారం పనిచేసింది కదా, మధ్యలో దాన్నెవరూ ముట్టుకోలేదు కదా, ఇంకేం, టిక్కు కొట్టు. దీన్ని గుడ్డి టిక్కు అంటారు. అందరం కొట్టేదే. పైకి అనకు."

పిచ్చుక మొదట అయిదు కొట్టింది, భయపడుతూ. తర్వాత పది. పోయిన బుధవారానికి ఇరవై రెండయ్యాయి, మిగతావి కూడా పైపైన నొక్కి చూసేవే. జాబితా టైముకి ముగిస్తోందని బుజ్జి మేడమ్ రెండుసార్లు మెచ్చుకుంది కూడా.

ఇంకొక ఆచారం ఉంది అక్కడ. దాని పేరు తప్పు కుర్చీ. కంపెనీ రెండు గదుల్లో ఉన్నప్పటి ప్లాస్టిక్ కుర్చీ అది, ఒక చెయ్యి విరిగిపోయింది. సోమవారం పొద్దున ఎవరైనా అందులో కూర్చుని, పోయిన వారం తాము చేసిన తప్పు చెప్పుకోవాలి. ఎవరూ తిట్టకూడదు. మొట్టమొదట కూర్చున్నది పెద్దోడే. మ్యాపులో ఒక స్కూలు బస్సులన్నిటినీ చెరువులో నడిపించినందుకు. ఇప్పుడు ఆ కుర్చీని పెద్ద హాల్లో వేదిక మీదికెక్కించి, పైన దీపం పెట్టారు. ఎదురుగా మూడు వందల మంది. ఇంక తప్పులు ఎవరు చెబుతారు? పని ధ్యాసలో పడి సెలవు పెట్టడమే మరిచిపోయాను, అదే నా తప్పు అంటాడొకాయన. నా జట్టుని మరీ ఎక్కువ నమ్మేశాను అంటుందొకావిడ. తమ మెడలో తామే దండ వేసుకుని దిగుతారు. అందరూ చప్పట్లు కొడతారు.

శుక్రవారం పొద్దున ఒక తల్లి రాసిన ఉత్తరం వచ్చింది. కస్టమర్ల ఉత్తరాలు చూసేవాళ్ళు దాన్ని అందరికీ పంపారు. పిచ్చుక టీ కప్పు పక్కన పెట్టి చదివింది.

'నిన్న మా వీధి తవ్వారు. బస్సు పక్క వీధిగుండా వచ్చింది. మీ గంట మోగలేదు. మోగితేనే దిగడం అలవాటైపోయి నేను ఇంట్లోనే ఉండిపోయాను. ఎవరో వస్తారులే అని ఆయా మా పాపని దించేసి వెళ్ళిపోయింది. పాపది ఒకటో తరగతి. నలభై నిమిషాలు సైకిలు షాపు ముందు నిలబడింది. షాపాయన దాని చేతికొక పానా ఇచ్చి, మీ అమ్మ వచ్చేదాకా దీన్ని కింద పడకుండా పట్టుకోవడం నీ పని అన్నాడట. అందుకని ఏడవలేదట. ఇంటికొచ్చాక నేనే ఏడ్చాను.'

కింద కంపెనీవాళ్ళ జవాబు ఉంది. మీ ప్రాంతంలో సిగ్నల్ సరిగా లేక అలా జరిగి ఉండవచ్చు అని. దాని కింద 'ముగిసింది' అని ఉంది.

పిచ్చుక గబగబా తన జాబితా తెరిచింది. ఆమె జాబితాలో ఎనభై ఏడో పాయింటు: 'బస్సు దారి మార్చుకుంటే గంట మోగుతుందా?' అది చూడాలంటే మ్యాపులో ఒక దారి మూసి, ఇంకో దారి గీసి, ఉత్తుత్తి బస్సుని నడపాలి. పావుగంట పని. నాలుగు వారాలుగా దానికి గుడ్డి టిక్కే.

వెంటనే దారి గీసి, బస్సు నడిపి చూసింది. గంట మోగలేదు. మూడుసార్లు నడిపింది. మూడుసార్లూ బస్సు స్టాపు దాటి నిశ్శబ్దంగా వెళ్ళిపోయింది. 'పనిచేయడం లేదు' అని రాసి పంపింది. సిగ్నల్ మాట తప్పని తేలింది కదా, ఇక వాళ్ళే బాగుచేసుకుంటారు అనుకుంది.

పది నిమిషాల్లో బుజ్జి మేడమ్ వచ్చి పక్కన నిలబడింది. వెనకాల తాత. తాతకి ఇరవై ఆరేళ్ళు. చిన్నప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడని ఇంట్లో ఆ పేరు పెట్టారు. గంటల ప్రోగ్రాము రాసే జట్టులో అతనే గట్టివాడు.

"ఎనభై ఏడుకి బుధవారం టిక్కు ఉంది. నువ్వే పెట్టావుగా?" అంది బుజ్జి మేడమ్.

పిచ్చుక తల ఊపింది.

"అంటే బుధవారం పనిచేసింది, గురువారం చెడింది. మధ్యలో ఎవరో ఏదో కెలికారు. తాతా, బుధవారం నుంచి సర్వర్లో జరిగిన చిన్నా చితకా మార్పులన్నీ తిరగెయ్యి. ఈలోగా ఆ వీధిలో ఇళ్ళకి మనవాళ్ళని ఫోన్లు చెయ్యమంటాను."

వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పుడు తెలిసింది పిచ్చుకకి, తను చేసింది ఎక్కడిదాకా పాకిందో. ఆ టిక్కు ఊరికే అబద్ధమాడి ఊరుకోలేదు. తాతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, పోయినచోట కాకుండా వేరేచోట వెతకమని కూర్చోబెట్టింది. గంట ఎప్పుడు చెడిందో ఎవరికి తెలుసు? నాలుగు వారాల్లో ఎప్పుడైనా చెడి ఉండొచ్చు. చూడలేదండీ, పాతవాటిలో వెతకండి. ఆ ఒక్క మాట చెబితే చాలు. చెబితే, మంగళవారం?

సాయంత్రం ధైర్యం కూడగట్టుకుని తాత సీటు దాకా వెళ్ళింది. అతను తలెత్తి, "ఏం కావాలి?" అన్నాడు.

"టీ తెమ్మంటారా?" అంది పిచ్చుక.

"వద్దులే," అన్నాడు తాత, మళ్ళీ తెరలోకి తల దూర్చేస్తూ.

శనివారం సెలవు. మధ్యాహ్నం జట్టు గ్రూపులో తాత మెసేజి పెట్టాడు: 'మొత్తం నలభై ఒక్క మార్పులు. ఇరవై ఆరు చూశాను. ఏమీ లేదు.' ఆదివారం పొద్దున ఇంకోటి: 'అన్నీ అయిపోయాయి. మళ్ళీ మొదటినుంచి చూస్తున్నా.'

పిచ్చుక ఉండేది అక్కాబావల దగ్గర. ఒక గది, ఒక వంటిల్లు. ఆదివారం ముగ్గురూ ఇంట్లో ఉంటారు కాబట్టి ఒకరు నడవాలంటే ఇద్దరు కాళ్ళు ముడుచుకోవాలి. బావ ఎలక్ట్రీషియన్. అక్క చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగు చేస్తుంది. కుట్టిన ప్రతి చొక్కా కాలరూ గుండీలూ చూసి, బాగుంటే జేబులో తన నంబరు చీటీ వెయ్యాలి. అక్క నంబరు పద్నాలుగు.

"ఏమైందే నీకు? కంచంలో మెతుకులతో బొమ్మలు గీస్తున్నావు," అంది అక్క భోజనం దగ్గర.

పిచ్చుక చెప్పింది. ఇంట్లో గొంతు బాగానే పెగులుతుంది. గుడ్డి టిక్కు నుంచి తాత మెసేజి దాకా అన్నీ చెప్పింది.

"ఇంతేనా?" అన్నాడు బావ. "మంగళవారం దాకా నోటికి తాళం వేసుకో. ఉద్యోగం ఖాయమయ్యాక బుధవారం తీరిగ్గా చెప్పు. నీకు నోరు మూసుకోవడం కొత్తా?"

"రేపు మూడున్నరకి స్కూళ్ళు వదిలేస్తారు బావా. ఆ ఒక్క వీధికైతే ఫోన్లు చేస్తున్నారు. ఇంకా ఎక్కడెక్కడ రోడ్లు తవ్వారో మాకేం తెలుసు?"

బావ గ్లాసు అందుకున్నాడు. మంచినీళ్ళు తాగాడు.

అక్క అతని కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. తర్వాత అంది, "నేనూ ఒకసారి కొట్టానే నీ గుడ్డి టిక్కు. లారీ బయట నిలబడి ఉంది, సూపర్‌వైజరు నెత్తిమీద నిలబడ్డాడు. నలభై చొక్కాల్లో చూడకుండా చీటీలు వేసేశాను."

"తిరిగొచ్చాయా?"

"రాలేదు. వస్తే బాగుండేది, తిట్లు తిని మరిచిపోయేదాన్ని. ఇప్పటికీ రోడ్డు మీద ఎవరి చొక్కా గుండీ ఊడి కనబడినా, అది నాదేనేమో అనిపిస్తుంది."

"నా గుండీలకేసి అలా చూసేది అందుకా?" అన్నాడు బావ. "ఇన్నాళ్ళూ ప్రేమనుకున్నాను."

అక్క అతని చేతిమీద ఒకటి వేసింది. పిచ్చుక నవ్వింది, మూడు రోజుల్లో మొదటిసారి. అక్క కంచాలు తీస్తూ అంది, "ఏం చెయ్యాలో నేను చెప్పను. ఉద్యోగం నీది. పోతే ఇంకోటి వెతుక్కుందాం, ఈ గదిలో నీ చాప ఎక్కడికీ పోదు. కానీ పాపం ఆ తాతెవరో, ఇవాళ అన్నమైనా తిన్నాడో లేదో."

సోమవారం పిచ్చుక అందరికంటే ముందు వెళ్దామనుకుంది, తాత చెవిలో చెప్పేద్దామని. బస్సు ఆలస్యమైంది. వెళ్ళేసరికి అందరూ హాల్లో ఉన్నారు. తాత ముందు వరుసలో, మాసిన గడ్డంతో, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, అటూ ఇటూ జనం మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. వేదిక మీద పెద్దోడు మైకు పట్టుకుని, "ఇవాళ కుర్చీ ఎవరిది?" అన్నాడు. ప్రచార విభాగం ఆయన ఒకడు అప్పుడే కోటు సర్దుకుంటూ, చిరునవ్వు పెట్టుకుని లేస్తున్నాడు.

పిచ్చుక తలుపు దగ్గర నిలబడి ఉంది. తలుపు నుంచి వేదిక మెట్లు నాలుగడుగులే. ఆ నాలుగడుగులూ వేశాక గానీ తను ఏం చేస్తోందో ఆమెకి తెలియలేదు. కుర్చీలో కూర్చుంది. విరిగిన చెయ్యి వైపు ఒరిగి, సర్దుకుంది. పెద్దోడు మైకు అందించాడు.

జవాబు గొంతుదాకా వచ్చింది. ఎప్పట్లాగే అక్కడ ఆగింది. హాలంతా చూస్తోంది. పిచ్చుక అందరినీ వదిలేసి తాత ఒక్కడినే చూసింది.

"తాతగారూ, ఎనభై ఏడు నేను చూడలేదు. బుధవారం చూడలేదు, అంతకుముందు మూడు వారాలు కూడా చూడలేదు. చూడకుండానే టిక్కు పెట్టాను. మీరు వెతికేచోట అది లేదు. పాతవాటిలో వెతకండి. మూడున్నరకి స్కూళ్ళు వదిలేస్తారు."

అలవాటు కొద్దీ ఎవరో ఒక చప్పట కొట్టి, తోడు ఎవరూ రాకపోయేసరికి చేతులు దించేశారు. తాత లేచాడు. ఆమె వైపు కూడా చూడకుండా, లాప్‌టాప్ చంకన పెట్టుకుని, జనం కాళ్ళు తొక్కుకుంటూ బయటికి పరుగెత్తాడు.

పెద్దోడు మెట్ల మీద కూర్చున్నాడు. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?" అన్నాడు, మెల్లగా.

"నావి ఇరవై రెండు సర్."

"మిగతావాళ్ళవి?"

గుండు తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

"నాకు నావే తెలుసు సర్," అంది పిచ్చుక.

"ఎందుకు పెట్టావు?"

"ఒక్కోటి సరిగ్గా చూస్తే అయిదు నిమిషాలు పడుతుంది సర్. నూట నలభైకీ దాదాపు పన్నెండు గంటలు. ఇచ్చేది మూడు."

పెద్దోడు వేళ్ళమీద లెక్క వేసుకున్నాడు. "ఆ మూడు గంటలు పెట్టింది నేనే," అన్నాడు చివరికి. "అప్పుడు జాబితాలో ఇరవై పాయింట్లుండేవి. బుజ్జీ, తర్వాత మనం దాన్ని మార్చలేదా?"

"ఎవరూ అడగలేదు," అంది బుజ్జి మేడమ్. ఆవిడ గొంతు అంత చిన్నగా పలకడం ఎవరూ వినలేదు అదివరకు. "టిక్కులు టైముకి వస్తున్నాయి కదా అని నేనూ చూడలేదు."

మీటింగు అంతటితో ఆపేశారు. ప్రచార విభాగం ఆయన తప్పు ఏమిటో ఎవరికీ తెలియకుండానే పోయింది.

రెండింటికి తాత పిచ్చుక సీటు దగ్గరికి వచ్చాడు. మూడు వారాల కిందట రాసిన ప్రోగ్రాములో ఒక్క వరుస తప్పుంది. ఆ వరుస రాసింది తాతే. "చూడు," అన్నాడు ఫోను ఆమె చేతికిచ్చి. పిచ్చుక ఒక దారి మూసింది. ఇంకోటి గీసింది. బస్సు నడిపింది. గంట మోగింది. మూడు రకాల ఫోన్లలో, నాలుగు రకాల దారుల్లో నడిపింది. తాత చేతులు వెనక్కి కట్టుకుని, ఓపిగ్గా నిలబడ్డాడు. మూడుంబావుకి ఆమె టిక్కు పెట్టింది. మూడు ఇరవైకి మార్పు జనంలోకి వెళ్ళింది. ఆ సాయంత్రం తొమ్మిది స్కూళ్ళ బస్సులు దారి మార్చుకుని వెళ్ళాయని తెరమీద తేలింది. అన్నిచోట్లా గంటలు మోగాయి.

మంగళవారం బుజ్జి మేడమ్ అద్దాల గదిలోకి పిలిచింది.

"కూర్చో. పర్మనెంటు చెయ్యలేదు," అంది, ముందుగా అదే.

పిచ్చుక రాత్రంతా దీనికే సిద్ధపడింది. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తీసెయ్యలేదు కూడా. మూడు నెలలు పొడిగించాను. పెద్దోడు సర్ చేసేద్దాం అన్నారు, నేనే వద్దన్నాను. చెప్పినందుకు నిన్ను మెచ్చుకోవాలి. చూడకుండా పెట్టినందుకు ఏదో ఒకటి ఉండాలి. రెండూ కలిపి కొలిస్తే నాకు ఇదే తేలింది. నా మీద కోపమొస్తే చెప్పు. మూడు వందల మంది ముందు మాట్లాడినదానివి, నాకేం భయపడతావు?"

"కోపం లేదు మేడమ్." పిచ్చుక తనంతట తానే అడిగింది. "మూడు నెలల తర్వాత ఏం చూస్తారు?"

బుజ్జి మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నీ టిక్కు చూసి నేను హాయిగా ఇంటికి వెళ్ళిపోగలుగుతున్నానా లేదా అని చూస్తాను. వెళ్ళగలిగితే నువ్వుంటావు." కళ్ళద్దాలు పెట్టుకుంది. "ఈ బుధవారం రిలీజు లేదు. కంపెనీ పుట్టాక ఇదే మొదటిసారి. జాబితాలన్నీ ఒకటి నుంచి చివరిదాకా నిజంగా చూస్తాం. దేనికెంత సేపు పడుతుందో పక్కన రాయండి. అక్కర్లేనివి కొట్టేద్దాం, మిగిలినవాటికి కావలసినంత టైమిద్దాం. నీదానితో మొదలుపెట్టు."

పిచ్చుక సీటుకొచ్చి జాబితా తెరిచింది. నిన్నటినుంచి మాట్లాడని గుండు కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చాడు.

"నావి ముప్పై తొమ్మిది," అన్నాడు గుసగుసగా. "వెళ్ళి చెప్పేస్తున్నా. నేను బతికి బయటికి రాకపోతే నా కప్పు నువ్వు తీసుకో."

పావుగంటలో తిరిగొచ్చాడు, మొహం కడిగేసినట్టుంది. "నన్ను కూడా పొడిగిస్తానంటుంది. నేను పర్మనెంటై రెండేళ్ళయింది, ఇంక నన్నెటు పొడిగిస్తుందో అర్థం కావడం లేదు." అని తన జాబితా తెరిచి, ఫోను చేతిలోకి తీసుకున్నాడు. కాసేపటికి అతని వైపునుంచి, "ఓరి, ఇది ఇలా ఉంటుందా," అని వినబడింది.

పిచ్చుక మొదటి పాయింటుకి టిక్కు పెట్టి, పక్కన 'నాలుగు నిమిషాలు' అని రాసింది. రెండోదానికి ఏడు. మూడోదానికి రెండు. నాలుగోది, ఫోను సైలెంటులో ఉంటే గంటకి బదులు వణకాలి. వణకలేదు. మళ్ళీ చూసింది. ఊహూఁ. టిక్కు చోటు ఖాళీగా వదిలేసి, ఫోను పట్టుకుని లేచి తాత సీటుకి నడిచింది.

"తాతగారూ, ఇంకోటి దొరికింది."

తాత తలెత్తి చూశాడు. ఒక్కక్షణం నీరసంగా, తర్వాత నవ్వుతూ, పక్క కుర్చీ కాలితో ముందుకి లాగాడు.

"కూర్చో," అన్నాడు. "ఎప్పుడు చూశావో, ఏం చేశావో మొదటినుంచి చెప్పు."

పిచ్చుక కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.